గుమ్మంలో గుమ్మడికాయ

నవంబర్ మొదటి వారంలో అమెరికాలో గుమ్మడికాయ విలువ ఒక్కసారిగా పడిపోతుంది. అక్టోబర్ 31 రాత్రి దాకా ప్రతి ఇంటి మెట్ల మీదా దర్జాగా కూర్చున్న కాయ తెల్లారేసరికి మిగిలిపోయిన సరుకు. కళ్లూ పళ్లూ చెక్కిన కాయలైతే వారం తిరక్కుండానే బూజు పట్టి, బోసినోటి ముసలివాళ్లలా లోపలికి కుంగిపోతాయి. కత్తి తగలనివి మాత్రం ఇంకా గట్టిగానే ఉంటాయి. థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం. మధ్యలో ఉన్నది మూడు నాలుగు వారాలే కనక చాలా ఇళ్లలో ఆ కాయల్నే మళ్లీ పనిలోకి దించుతారు. తొడిమ చుట్టూ గుండ్రంగా కోసి, గింజలూ పీచూ తీసేసి, లోపల ఒక గాజు గ్లాసు దింపి చామంతులు సర్దుతారు. అరచేతిలో పట్టే బుల్లి కాయల నెత్తిన కొవ్వొత్తి నిలబడేంత గుంట తవ్వుతారు. చుట్టూ రంగురంగుల గింజల మొక్కజొన్న కంకులు, ఎండిన గోధుమ వెన్నులు, రాలిన మేపుల్ ఆకులు. దయ్యాల పండక్కి కొన్న కాయ ఇలా భోజనబల్ల మధ్యకి వచ్చి కూర్చుంటుంది.

చూడ్డానికి ఇది తీరిక ఉన్నవాళ్ల చేతిపని. పత్రికల్లో ఇంటి అలంకరణ పేజీల్లో ఉండాల్సిన విషయం, చరిత్ర వ్యాసంలో దీనికేం పని అనిపించొచ్చు. నాకూ మొదట అలాగే అనిపించేది. కానీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. తిండిగా పుట్టిన కాయ అలంకారంగా ఎప్పుడు మారింది? ఎవరి కడుపు నిండాక మారింది?

ఈ ప్రశ్న ఒక రకంగా మా అమ్మది. ఆవిడ మొదటిసారి న్యూజెర్సీ వచ్చింది అక్టోబర్‌లో. వీధి పొడుగునా గుమ్మాల ముందు కాయలు చూసి, "ఇన్ని కాయలు బయట పడేశారు, వీళ్లెవరూ దప్పళం పెట్టుకోరా?" అంది. పండగ అయ్యాక పక్కింటావిడ చెక్కని కాయ ఒకటి ఇచ్చింది. అమ్మ దాన్ని కోసి, బెల్లం వేసి కూర వండింది. ముక్కలు నీళ్లోడాయి, పీచు మిగిలింది, ఉన్న తీపంతా బెల్లానిదే. "ఇది తినే కాయ కాదే, చూసే కాయ" అని తేల్చేసింది.

అమ్మ అన్నది అక్షరాలా నిజం. అమెరికా గుమ్మాల్లో కనిపించే ఆ నారింజరంగు కాయల్లో బాగా పేరున్న రకం హౌడెన్. మసాచుసెట్స్ రైతు జాన్ హౌడెన్ 1960ల్లో దాన్ని తయారుచేశాడు. నిటారుగా నిలబడే ఆకారం, పట్టుకుని ఎత్తడానికి వీలైన బలమైన తొడిమ, లోతైన గాడులు, మెరిసే రంగు. రుచి ఆ జాబితాలో లేదు. తినడానికి పనికొచ్చే గుమ్మడి అమెరికాలో డబ్బాల్లో దొరుకుతుంది. దానిలో ఎక్కువభాగం ఇల్లినాయ్ రాష్ట్రంలో పండుతుంది. 1929 నుంచి లిబ్బీస్ కంపెనీ పేరు దానితో ముడిపడిపోయింది. ఆ డబ్బాల్లోకి వెళ్లే డికిన్‌సన్ రకం కాయ పైకి లేత గోధుమరంగులో, కోలగా ఉంటుంది, ఇంటిముందు పెడితే ఎవరూ తిరిగి చూడరు. శాస్త్రీయంగా అది కుకుర్బిటా మోస్చాటా, అంటే మనం పులుసులో వేసుకునే తీపి గుమ్మడికి సొంత జాతి. గుమ్మంలో పెట్టేది కుకుర్బిటా పెపో. అలా చూడ్డానికి ఒకటి, తినడానికి ఒకటి అని గుమ్మడి రెండుగా చీలిపోయింది. ఈ చీలిక వెనక చాలా కథ ఉంది.

*

ఆ కథ మెక్సికోలో మొదలవుతుంది. వహాకా లోయలోని గిలా నాకీట్స్ గుహలో దొరికిన గింజల్నీ తొక్కల్నీ పరిశీలించిన బ్రూస్ స్మిత్ అనే పురాతత్వవేత్త, అక్కడి మనుషులు సుమారు పదివేల ఏళ్ల కిందటే పెపో జాతిని సాగుచేశారని 1997లో ప్రకటించాడు. మొక్కజొన్న కంటే ముందు, చిక్కుడు కంటే ముందు. తరవాత ఆ మూడూ కలిసి ఉత్తర అమెరికా అంతా పాకాయి. హోడెనోషోనీ ప్రజలు, ఇంగ్లీషువాళ్లు ఇరొక్వా అని పిలిచినవాళ్లు, ఈ మూడింటినీ ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారు. మొక్కజొన్న నిలబడుతుంది, చిక్కుడు దాన్ని అల్లుకుని పాకుతూ నేలకి నత్రజని అందిస్తుంది, గుమ్మడి తన వెడల్పాటి ఆకులతో నేలని కప్పి కలుపు రాకుండా, తేమ పోకుండా చూస్తుంది. ఈ పొలాలు సాగుచేసింది ఎక్కువగా ఆడవాళ్లు. కాయల్ని చక్రాలుగా కోసి ఎండబెట్టి చలికాలానికి దాచేవాళ్లు. ఇంగ్లీషులో గుమ్మడి కుటుంబానికంతటికీ వాడే స్క్వాష్ అన్న మాట కూడా నారగాన్సెట్ భాష నుంచి తీసుకున్నదే.

థాంక్స్‌గివింగ్‌కి మూలమని చెప్పే 1621 నాటి ప్లిమత్ విందు దగ్గరికి వద్దాం. దాన్ని కళ్లారా చూసినవాళ్ల రాతల్లో ముఖ్యమైంది ఎడ్వర్డ్ విన్స్‌లో ఉత్తరం. అందులో పక్షుల వేట ఉంది. వాంపనోగ్ నాయకుడు మస్ససోయిట్ తొంభైమంది మనుషులతో వచ్చి మూడు రోజులున్న సంగతి ఉంది. వాళ్లు తెచ్చిన అయిదు జింకలున్నాయి. గుమ్మడికాయ ఊసు లేదు. అక్కడ గుమ్మడి పండేది కాబట్టి ఏదో రూపంలో తినే ఉంటారు. ఇప్పుడు పండగకి తప్పనిసరి అయిన గుమ్మడి పై మాత్రం ఉండే అవకాశం లేదు. గోధుమపిండి, వెన్న, సరైన పొయ్యి, ఏవీ వాళ్లకి అందుబాటులో లేవు. బల్ల మధ్యలో పూలు పెట్టిన గుమ్మడికాయ సంగతి సరేసరి.

ఆ తొలి దశాబ్దాల్లో వలసవాళ్లకి గుమ్మడి అంటే గతిలేని తిండి. బార్లీ దొరక్కపోతే బీరు కూడా గుమ్మడితోనే కాచుకున్నారు. కాస్త స్థిరపడ్డాక దాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. 1650ల్లో న్యూ ఇంగ్లండ్ చరిత్ర రాసిన ఎడ్వర్డ్ జాన్సన్ అందుకే తనవాళ్లని మందలించాడు. ధాన్యమూ పశువులూ పెరిగేదాకా దేవుడు మిమ్మల్ని పోషించింది ఈ కాయతోనే, దాన్ని ఎగతాళి చెయ్యకండి అని. మందలించాల్సి వచ్చిందంటే ఎగతాళి బాగానే నడిచిందన్నమాట. మన పల్లెల్లో ఒకప్పుడు జొన్నన్నం, రాగి సంకటి తినడం నామోషీ అనుకుని, ఇప్పుడు అవే ఖరీదైన హోటళ్లలో వెండిగిన్నెల్లోకి రావడం చూశాం కదా. గుమ్మడి కూడా ఆ దారినే నడిచింది. పేదరికం కళ్లముందు ఉన్నంతకాలం అది సిగ్గు. దూరమయ్యాక జ్ఞాపకం.

*

జ్ఞాపకంగా మారడానికి సుమారు రెండొందల ఏళ్లు పట్టింది. 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో గుమ్మడి పుడ్డింగు ఉంది, దాదాపు ఇవాళ్టి పై లాంటిదే. అమెరికన్ రాసి అమెరికాలో అచ్చయిన మొదటి వంటల పుస్తకంగా దానికి పేరు. 1827లో సేరా జోసెఫా హేల్ రాసిన 'నార్త్‌వుడ్' నవలలో థాంక్స్‌గివింగ్ విందుకి ఒక పెద్ద వర్ణన ఉంది. అందులో గుమ్మడి పై పండక్కి విడదీయరాని భాగం. 1837 నుంచి నలభై ఏళ్లు ఆవిడ 'గోడీస్ లేడీస్ బుక్' అనే స్త్రీల పత్రికకి సంపాదకురాలు. థాంక్స్‌గివింగ్ దేశమంతా ఒకేరోజు జరగాలని ఏళ్ల తరబడి సంపాదకీయాలు రాసింది, గవర్నర్లకీ అధ్యక్షులకీ ఉత్తరాలు రాసింది. అంతర్యుద్ధం మధ్యలో, 1863 సెప్టెంబర్ 28న లింకన్‌కి రాసింది. అయిదు రోజులకి, అక్టోబర్ 3న, లింకన్ ప్రకటన వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుమ్మడిని ఆకాశానికెత్తిన ఆ కాలపు రచయితల్లో బానిసత్వ వ్యతిరేకులు కనిపిస్తారు. తాతగారింటికి మంచుబండిలో వెళ్లే పిల్లల పాట రాసిన లిడియా మరియా చైల్డ్, 'ది పంప్‌కిన్' కవిత రాసిన జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ ఇద్దరూ ఆ ఉద్యమంలో ముందున్నవాళ్లు. ఉత్తరాదిన గుమ్మడి చిన్న కమతాల పంట. ఇంటిల్లిపాదీ కష్టపడితే పండేది. పత్తి, చెరకు లాగా వేలమంది బానిసల్ని తోటల్లో కట్టిపడేసే పంట కాదు. అందుకే అది ఉత్తరాది నీతికి గుర్తయింది. దక్షిణాదిలో చాలామందికి థాంక్స్‌గివింగ్ అంటే యాంకీల పండగ. 1856లో వర్జీనియా గవర్నర్ హెన్రీ వైజ్ ఆ పండగ ప్రకటించడానికి నిరాకరిస్తూ దాన్నొక నాటకమని కొట్టిపారేశాడు. అక్కడ నల్లవాళ్ల ఇళ్లలో పండగ బల్ల మీద ఇప్పటికీ చాలాచోట్ల చిలగడదుంప పై ఉంటుంది, గుమ్మడి కాదు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. న్యూ ఇంగ్లండ్ వంటిళ్లలో గుమ్మడిని తియ్యబరిచిన మొలాసిస్ చాలాకాలం కరీబియన్ చెరకుతోటల బానిసల చెమట నుంచి వచ్చిందే. నీతికి గుర్తయిన ఆ పై పూర్తిగా మచ్చలేనిదేమీ కాదు.

విట్టియర్ కవితలో ఇంకో విశేషం ఉంది. చిన్నప్పుడు గుమ్మడికాయకి భయంకరమైన మొహాలు చెక్కి లోపల కొవ్వొత్తి పెట్టేవాళ్లమని అందులో తలుచుకుంటాడు. కవిత థాంక్స్‌గివింగ్ గురించి. హాలోవీన్ పేరే రాదు. ఐర్లండులో హాలోవీన్‌కి చెక్కింది టర్నిప్ దుంపల్ని. అలాంటి ఒక దుంపదీపపు పాత నమూనా ఇప్పటికీ ఆ దేశపు జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ వలసవాళ్ల ఆచారమూ ఇక్కడి కాయా తరవాత కలిసిపోయాయి. అంటే హాలోవీన్‌లో మిగిలిన గుమ్మడిని థాంక్స్‌గివింగ్‌కి ముస్తాబు చెయ్యడం ఏదో ఈమధ్య పుట్టిన పొదుపు ఉపాయం అనుకుంటాం గానీ, పంటల కాలపు వేడుకలో గుమ్మడికి రూపాలు దిద్దడం హాలోవీన్ కాయ కంటే వెనకటి సంగతి.

అక్కడి నుంచి అలంకారం వేగంగా పెరిగింది. పల్లెలొదిలి నగరాల ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ చేరినవాళ్లకి గుమ్మడికాయ వాళ్లు వదిలేసి వచ్చిన పొలం. 1920 జనాభా లెక్కల్లో మొదటిసారి అమెరికాలో పట్టణవాసులు పల్లెవాసుల్ని మించిపోయారు. తినడానికి అవసరం తగ్గినకొద్దీ చూసుకోవడానికి కాయ కావాల్సివచ్చింది. సిండీ ఆట్ అనే చరిత్రకారిణి 2012లో గుమ్మడి మీదే ఒక పుస్తకం రాసింది. అమెరికన్లకి గుమ్మడి మీదున్న ప్రేమ నిజానికి చిన్నరైతు జీవితం మీద ప్రేమ అని ఆవిడ వాదన. వింతేమిటంటే ఆ బెంగ వట్టి బెంగగా మిగిలిపోలేదు. పిల్లల్ని తీసుకుని పొలానికెళ్లి కాయ ఏరుకొచ్చుకునే సరదా నగరాల చుట్టుపక్కల చిన్న కమతాలకి ఆదాయమైంది. అలంకారం కోసం కొన్న కాయ కొన్నిచోట్ల రైతుని నిలబెట్టింది. కాబట్టి "తినని కాయ ఎందుకు దండగ" అనడం అంత తేలిక కాదు. మరోవైపు స్టార్‌బక్స్ 2003లో తెచ్చిన గుమ్మడి మసాలా కాఫీలో 2015 దాకా అసలు గుమ్మడే లేదు. కాయ లేకుండా కాయ జ్ఞాపకాన్ని మాత్రమే అమ్ముకోవచ్చని కూడా రుజువైంది.

*

ఇంతవరకూ చెప్పింది వలస వచ్చినవాళ్ల జ్ఞాపకం. గుమ్మడిని పదివేల ఏళ్లుగా సాకినవాళ్ల సంగతేమిటి?

మస్ససోయిట్ విందుకి వచ్చింది 1621లో. ఆయన కొడుకు మెటాకం ఇంగ్లీషువాళ్లతో యుద్ధం చేసి 1676లో చనిపోయాడు. ఆయన తలని ప్లిమత్‌లో గుంజకి గుచ్చి ఇరవై ఏళ్లకు పైగా అలాగే ఉంచారు. నూరేళ్ల తరవాత, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, బ్రిటిష్ పక్షాన నిలిచిన హోడెనోషోనీల మీదికి జార్జ్ వాషింగ్టన్ 1779లో జనరల్ సలివన్‌ని పంపాడు. సైన్యం ఇవాళ్టి న్యూయార్క్ రాష్ట్రంలో 40కి పైగా ఊళ్లు తగలబెట్టింది. పోరాటం కంటే ఎక్కువగా పంట నాశనం మీదే గడిచింది ఆ దండయాత్ర. ఎంత మొక్కజొన్న, ఎన్ని చిక్కుళ్లు, ఎన్ని గుమ్మళ్లు నరికామో సైనికులు తమ డైరీల్లో రాసుకున్నారు. ముగ్గురు అక్కచెల్లెళ్లనీ వరసపెట్టి నరికారు. ఆ చలికాలం వేలమంది శరణార్థులు నయాగరా కోట దగ్గర ఆకలితో, మంచుతో అల్లాడిపోయారు. సరిగ్గా పదేళ్లకి, 1789లో, అదే వాషింగ్టన్ అధ్యక్షుడిగా తొలి జాతీయ థాంక్స్‌గివింగ్ ప్రకటించాడు.

1869లో థామస్ నాస్ట్ అనే వ్యంగ్యచిత్రకారుడు 'హార్పర్స్ వీక్లీ'లో ఒక థాంక్స్‌గివింగ్ బల్ల గీశాడు. నల్లవాళ్లు, చైనీయులు, ఆదివాసులు, రకరకాల యూరోపియన్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మధ్య అలంకారం మీద స్వపరిపాలన, సార్వజనిక ఓటు హక్కు అని రాసి ఉంటుంది. అంతర్యుద్ధం ముగిసిన ఆశ అది. దానికి నూరేళ్లు దాటాక, 1970లో, మేఫ్లవర్ ఓడ వచ్చి 350 ఏళ్లయిన సందర్భంగా ఒక విందులో మాట్లాడమని వాంపనోగ్ మనిషి వామ్సుటా ఫ్రాంక్ జేమ్స్‌ని పిలిచారు. ఆయన రాసుకున్న ప్రసంగం ముందే చూసి, అది చదవడానికి వీల్లేదన్నారు. ఆయన విందు మానేసి ప్లిమత్‌లో కోల్స్ హిల్ మీద, మస్ససోయిట్ విగ్రహం దగ్గర, తనవాళ్లతో కలిసి నిలబడ్డాడు. అప్పటి నుంచి ఏటా థాంక్స్‌గివింగ్ రోజున అక్కడ జాతీయ సంతాప దినం జరుగుతోంది. అంటే బల్ల మధ్యలో ఏం పెట్టాలి, బల్ల దగ్గరికి ఎవర్ని పిలవాలి, పిలిచాక ఏం మాట్లాడనివ్వాలి అన్న తగువు ఈ దేశంలో ఇంకా తెగలేదు.

మరి ఆ బల్ల దగ్గర మనమెక్కడ? గుమ్మంలో గుమ్మడికాయ అంటే తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. దిష్టికి గుమ్మానికి కట్టేది, అమావాస్యకి మార్చేది, కొత్త ఇంటి ముందు పగలగొట్టేది, సినిమా షూటింగు ఆఖరి రోజున కొట్టేది, వడియాలు పెట్టేది బూడిద గుమ్మడి. అది ఆసియా కాయ, సంస్కృతంలో కూష్మాండం. దప్పళంలోకి వచ్చే తీపి గుమ్మడి మాత్రం అమెరికా ఖండాల బిడ్డే. పదిహేనో శతాబ్దం చివర్లో సముద్రపు దారులు తెరుచుకున్నాక, మిరపకాయ లాగా, మనదాకా వచ్చి మనదైపోయింది. సంక్రాంతికి దప్పళం పెట్టుకునే మనం కూడా ఆ మెక్సికో రైతులకి ఎంతో కొంత బాకీ. ఇక అమెరికాలో ఉన్న మనవాళ్లు అద్దె ఇళ్లు వెతుక్కునే పార్సిప్పనీ, కారులో దాటే పసాయిక్ నది, ఇవన్నీ లెనాపే ప్రజల మాటలు. ఆ మాటలు ఇక్కడున్నాయి, మనుషుల్లో ఎక్కువమందిని ఓక్లహోమా దాకా తరిమేశారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మన సామెత. ఆ సామెత పనిచేసేది బూడిద గుమ్మడితోనే. కాయ మీది బూడిద దొంగ భుజానికి అంటుకుంటుంది. ఈ నారింజరంగు కాయకి బూడిద ఉండదు. ఎంత దూరం మోసుకుపోయినా భుజం శుభ్రంగానే ఉంటుంది. పొలం ఎవరిదో, విత్తనం ఎవరు దాచారో చెప్పే గుర్తు కాయ మీద మిగల్లేదు కాబట్టి మనమే చెప్పుకోవాలి.

అలాగని పండగ మానేయమని నేననను. మా ఇంట్లోనూ మానలేదు. అమ్మ తేల్చిన తీర్పు తరవాత మేం కొనే కాయ మారింది, అంతే. అక్టోబర్‌లో షుగర్ పంప్‌కిన్ అనే చిన్న రకం తెస్తాం. చెక్కం, రంగులు వెయ్యం. రంగు పడిన కాయ కడుపుకీ పనికిరాదు, ఎరువుకీ పనికిరాదు. గట్టి మంచు పడే రాత్రుల్లో లోపల పెట్టేస్తాం, గడ్డకట్టి కరిగిన కాయ నిలవదు. పండగ ముందురోజు రాత్రి కోస్తాం. తీసిన కండ పులుసులోకి, గింజలు కొన్ని ఉప్పూకారం పట్టించి పెనం మీదకి, డొల్ల బల్ల మీదకి. అందులో చామంతులు. పక్కన మొక్కజొన్న కంకి, గుప్పెడు చిక్కుడు గింజలు. ఇవెందుకని పిల్లలు అడిగితే అక్కచెల్లెళ్ల కథ చెబుతాం, 1779తో సహా. పండగ తరవాత డొల్ల పెరట్లో ఎరువు కుప్పలోకి వెళ్తుంది. చెత్తబండిలో పడేస్తే భూమిలో పూడ్చిన చెత్తకుప్పల్లో గాలాడక కుళ్లి మీథేన్ వాయువు అవుతుంది.

నాలుగు గింజలు ఆరబెట్టి కవరులో వేసి, పైన తేదీ రాసి దాస్తుంది అమ్మ. సంకరపు కాయైతే తల్లి లాంటి కాయ రాకపోవచ్చు. అయినా మేలో పెరట్లో నాలుగు పాదులు చేసి గింజ పెడుతుంది. వచ్చిందంతా కాయ కావక్కర్లేదు, ఆకు కూర వండుకోవచ్చు, పువ్వు బతుకమ్మ మీద గౌరమ్మ అవుతుంది అంటుంది.